పోపుపెట్టెలోని పరదేశులు

మన భోజనము మన జాతీయతకు ఆనవాలని వేదికలమీద పలుకుట నేటి వాడుక. మాట మంచిదే. కాని ఆ మాట పలికిన పెద్దమనిషిని ఆయన యింటికే తోడ్కొనిపోయి, పోపుపెట్టె మూత తీసి, అయ్యా, ఇందలి దినుసులు ఏ మొక్కకు పుట్టినవి, అవి ఆకులా, గింజలా, వేళ్లా, ఏ నేలనుండి మన నేలకు వచ్చినవి అని యడిగినచో ఆయన నీళ్లు నమలుట తథ్యము. జీలకర్ర పెద్దచెట్టున కాయునని నమ్మిన పట్టభద్రులు మన పట్టణములలో గలరు. దినమునకు రెండుమారులు నోట బెట్టుకొను వస్తువునుగూర్చిన యీ యజ్ఞానము నవ్వి త్రోసివేయదగినది కాదని మా యభిప్రాయము. దీనివలన నష్టపడువాడొకడున్నాడు. వానిని చాగలమర్రి పొలములలో చూడవచ్చును.

చాగలమర్రివారిని ఈ ప్రశ్న యడుగుటకు మరియొక న్యాయము గలదు. ఊరి పేరులోనే మర్రి యున్నది. చాగ యనునది మన నిఘంటువులలో నారతీయు నొక మొక్క పేరు. చెట్టును పుట్టను ఎరిగిన పూర్వులు తాము నిలిచిన చోటులకు వానిపేళ్లనే పెట్టుకొనిరి. తూర్పున నల్లమల, పడమట కుందూనది, నడుమ నల్లరేగడి, దానికి కర్నూలు-కడప కాలువ నీరు. ఆళ్లగడ్డనుండి దువ్వూరు మీదుగా మైదుకూరు పోవు పెద్దబాట యీ యూరినుండియే పోవును. 2022లో నంద్యాల జిల్లా యేర్పడి, చాగలమర్రి కర్నూలు జిల్లానుండి దానిలోనికి వచ్చెను. పైరులకు జిల్లాల హద్దులు తెలియవు గనుక పసుపు మాత్రము ఇటు నంద్యాల జిల్లాలోను అటు కడప జిల్లాలోను పండుచునే యున్నది. మైదుకూరు పేరు ఒక పసుపురకమునకే పేరైనది. మిరప, ధనియము, వాము ఈ సీమకు క్రొత్తవి కావు. ఇచ్చటివారికి పోపుదినుసు అంగడివస్తువగుటకు ముందు పైరు.

కోస్తావారు పోపనియు తాళింపనియు అందురు. సీమవారు తిరువాత యందురు. పేరేదైనను పని యొక్కటే. ఆ తిరువాతలో వృక్షజాతి యంగములన్నియు ఒక్క గరిటెలోనికి వచ్చును. మెంతులు, ఆవాలు గింజలు. ధనియాలు, జీలకర్ర, వాము గింజలని మన మందుముగాని, శాస్త్రరీత్యా అవి యెండిన కాయలు. పసుపు, అల్లము భూమిలోపలి కొమ్ములు. కరివేపాకు ఆకు. లవంగము విచ్చుకొనని మొగ్గ. దాల్చిన బెరడు. చింతపండు కాయలోని గుజ్జు. ఇంగువయో, ఒక మొక్క వేరును కోయగా కారి గడ్డకట్టిన పాలు.

వీని చుట్టరికములు మనుష్యుల చుట్టరికములకన్న చిత్రమైనవి. ధనియము, జీలకర్ర, వాము, సోపు, ఇంగువ యొక్క కుటుంబమువి. గొడుగువలె విచ్చు పూగుత్తులే ఆ కుటుంబమునకు గురుతు. పసుపు, అల్లము, ఏలకి అక్కచెల్లెండ్రు. మిరపకు వంకాయ, టొమాటో, బంగాళాదుంప, పొగాకు బంధువులు. ఆవగింజ సంగతి మరియొకటి. దానిలో ఘాటు సిద్ధముగా నుండదు. గింజ నలిగి తేమ తగిలినప్పుడే, లోపల విడివిడిగా నున్న రెండు పదార్థములు కలిసి ఘాటు పుట్టును. అందువలననే ఆవకాయలో ఆవపిండి ముక్కుదాక పోవును. కాగిన నూనెలో చిటపటలాడిన ఆవాలకు ఆ ఘాటుండదు, వేడికి లోపలి పదార్థము చచ్చి కమ్మదనము మాత్రము మిగులును. మన యవ్వలకు ఈ రసాయనశాస్త్రము పుస్తకములలో నేర్పినవారు లేరు. అయినను దేనికి పచ్చిపిండి, దేనికి వేగిన గింజ యనుటలో వారెన్నడును పొరబడలేదు.

ఇక పుట్టిళ్లమాట. మన కారము మనది యని గుంటూరు మొదలు నంద్యాల వరకు రొమ్ము విరుచుకొను మనకు మొదటి దెబ్బ మిరపకాయయే. దాని పుట్టినిల్లు మెక్సికో దేశపు ప్రాంతము. 1492 తరువాత కొలంబసు నావలవెంట ఐరోపాకును, అటుపిమ్మట పోర్చుగీసువారి వెంట మన పడమటితీరమునకును వచ్చినది. దీనికి తామ్రశాసనము వలదు, పేరే సాక్షి. మనవారు కారమునకు మిరియము వాడెడివారు గనుక క్రొత్తగా వచ్చిన కాయను మిరియపు కాయ యనిరి, అదియే మిరపకాయ. తమిళులు మిళగునుండి మిళగాయ్ అనిరి. కన్నడిగులు మెణసునుండి మెణసినకాయి అనిరి. ముగ్గురు పొరుగువారును ఒకే రీతిని పాతదానిపేరు క్రొత్తదానికి పెట్టుకొనిరన్నచో, ఆ కాయ వచ్చునాటికి మన వంటయింట మిరియమే పెద్ద యని తెలియుటలేదా? 1503లో పరమపదించిన తాళ్లపాక అన్నమాచార్యులు కడప సీమవారే. ఆయన విస్తరిలో మిరపకాయ లేదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఋతువుల ననుసరించి అతిథుల భోజనములను వర్ణించినాడు. అచ్చట మిరియపుపొడి యున్నదిగాని మిరపపొడి లేదు. కారము లేనిదే ముద్ద దిగని నేటి సీమవాసి ఆ మహారాజు పంక్తిని కూర్చుండినచో ఏమనుకొనునో!

చింతచెట్టు కథ యింకను వింత. దాని పుట్టుక ఆఫ్రికా ఖండము. అయినను ఏనాడో మన దేశమునకు వచ్చి, ఎంతగా మనదైపోయినదనగా అరబ్బు వర్తకులు దాని పండును హిందూదేశపు ఖర్జూరమని పిలిచిరి. తమర్ హింది యను ఆ మాటయే టామరిండ్ అయినది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరులోను ఇండికా యనియే యున్నది. వలసవచ్చినదానికి లోకమే మన యింటిపేరు పెట్టినది.

ధనియము మధ్యధరాసముద్రపు ప్రాంతమువారి సొత్తు. ఈజిప్టు రాజు టుటంఖమన్ సమాధిలో దొరికిన వస్తువులలో ధనియాలున్నవి. మనకది యెప్పుడు వచ్చినదో కాని, పాణిని సూత్రములనాటికే కుస్తుంబురు శబ్దము వ్యాకరణమున కెక్కినది. జీలకర్ర, మెంతి పశ్చిమాసియావి. వాముది తూర్పు మధ్యధరా ప్రాంతము. దాల్చిన యనుపేరు పారసీకమున చీనాచెక్క యను నర్థమిచ్చు దార్‌చీనీ. ఇంగువ మొక్కలు ఇరాను, ఆఫ్గనిస్తాను కొండలవి. ఇంగువ కట్టిన గుడ్డ సామెత మన నోట నెంత నానినను, 2020 అక్టోబరులో హిమాచలప్రదేశమందలి లాహౌలు లోయలో మన శాస్త్రజ్ఞులు నాటువరకు ఆ పైరు మన దేశమున సాగులో లేదు.

మరి మనవెవ్వి? మిరియమును ఏలకియు పడమటి కనుమల బిడ్డలు. కరివేపాకు నిక్కముగా మన దేశపు చెట్టు. దాని శాస్త్రీయనామములో కోనిగ్ అను వైద్యుని పేరు నిలిచియున్నది. ఆయన తరంగంబాడిలో పనిచేసి, ఈ తీరమందలి మొక్కలను వెదకి వెదకి, 1785లో కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. ఎక్కడినుండియో వచ్చినవాడు మన చెట్టునకు పేరిచ్చి మన మట్టిలో కలిసెను. మనమో, ఇంతమంది పరదేశులను కడుపార ఆరగించి, తిరువాతలో నికరమైన స్వదేశి యగు కరివేపాకును మాత్రము వ్రేలితో తీసి విస్తరి యంచున పెట్టుదుము!

ఇదంతయు విన్న పిమ్మట ఇరువురు పక్షమువారు లేతురు. ఒకరు ఈ మాటలన్నియు కల్ల, సర్వము మన ఋషులనాటినుండి యిచ్చటనే యున్నదందురు. మరియొకరు, అట్లైన మీ దేశీయత యంతయు ఎరువుసొమ్మేకదా యని యెగతాళి చేయుదురు. మేము ఈ రెండుపక్షములలో దేనిని చేరము. తెలుగువారి పెండ్లిలో వధూవరుల శిరస్సులపై నుంచునది జీలకర్ర బెల్లము. ఆ జీలకర్ర పశ్చిమాసియా మొక్కది యని తెలిసినంతమాత్రాన పెండ్లి చెడునా? ముహూర్తము తప్పునా? పైరునకు జన్మస్థలము ఒక సంగతి, స్వస్థలము మరియొక సంగతి. దానిని దున్ని, నాటి, కలుపు తీసి, రుచి యెరిగి, విత్తనము దాచినవాడే దానిని స్వస్థలము చేసినవాడు.

ఈ మాటకు పసుపుకన్న సాక్షి యక్కరలేదు. పసుపుమొక్క పూయును గాని మొలకెత్తు విత్తనము నీయదు. అడవిలో దానంతట నది పెరుగుచున్న చోటు లేదు. సాగులో మాత్రమే యున్నది. అనగా నేడు మైదుకూరు పొలములో నున్న ప్రతి పసుపుమొక్కయు, నిరుటి కొమ్మునుండి, అంతకుముందటేటి కొమ్మునుండి, ఒక రైతు చేతినుండి మరియొక రైతు చేతికి తెగక వచ్చినది. ఎక్కడనైన ఒక తరమువారు విసిగి, ఈ యేడు వద్దని కొమ్ములన్నియు అమ్ముకొని యుండినచో ఆ రకము ఆనాడే సమసిపోయెడిది. తొమ్మిదినెలలు భూమిలో నుంచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, మరల కొంత విత్తనమునకై విడదీసి దాచువాని ఓపికయే ఆ మొక్కకు ప్రాణము. మంగళసూత్రమునకు రాయు పసుపు వెనుక ఇంత గలదని తెలిసి రాయువారెందరు?

ఆ పసుపునే 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమువారు గాయములు మాన్పు క్రొత్త సాధనమని పేటెంటు పొందిరి. దెబ్బ తగిలిన చోట పసుపద్దని తల్లి మనదేశమున గలదా? మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనామండలి 1996లో దానిని ప్రతిఘటించి, సంస్కృతగ్రంథములనుండియు, 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వెలువడిన వ్యాసమునుండియు ఆధారములు చూపగా 1997లో పేటెంటు రద్దయినది. దేశమంతయు హర్షించినది, మేమును హర్షించితిమి. 2001లో మన సాంప్రదాయ విజ్ఞానమును భద్రపరచు గ్రంథనిధి ఆరంభమైనది. కాని వ్యాజ్యము గెలిచినంతమాత్రాన పసుపు త్రవ్వినవాని చేతికి ఒక్క రూపాయి యధికముగా వచ్చినదా? సభలలో గెలుపు మనది, కళ్లములో ధర దళారిది.

ఇది నేటి కథ కాదు. 1605లో డచ్చివారు మచిలీపట్టణమున కొఠీ పెట్టినది మనయందలి ప్రేమచేత కాదు. లవంగము, జాజికాయ పండు మొలక్కా ద్వీపములవారు వెండికన్న తెలుగునేతగాడు నేసిన బట్టను మిక్కిలి కోరెడివారు. ఇచ్చట బట్ట కొని, అచ్చట దినుసులకు మార్చి, ఆ దినుసులను ఐరోపాలో బంగారమునకు అమ్ముటయే వారి వ్యాపారరహస్యము. నేతగానికి కూలి దక్కెను, ద్వీపవాసికి బట్టయు, వెనుకనుండి ఫిరంగియు దక్కెను, లాభము మూడవవానికి దక్కెను. మరల 1914 యుద్ధమునకు ముందు మన వాము మూటలు జర్మనీకి ఎగుమతియై, అచ్చట వానినుండి థైమాల్ అను మందు తీయబడెడిది. యుద్ధము వచ్చి ఓడలు నిలిచినప్పుడుగాని, మన వాములోనుండి మనమే మందు తీయవచ్చునని మన దేశమునకు తోచలేదు. కర్నూలు అంగడిలో వాము వ్యాపారము నేటికిని గలదు. వాము అమ్ముటయేగాని, వామునుండి తీయుట ఆ సీమవాని పని యెన్నడగును?

మన పాఠకులు పట్టణవాసులు. ధరలమాట వచ్చినప్పుడు కొనువారి పక్షముననే యోచింతురు. ఒక్కక్షణము పండించువాని పక్షమునుండి చూతురుగాక. కేంద్రప్రభుత్వము 22 పంటలకు కనీస మద్దతుధర నిర్ణయించుచున్నది. పోపుపెట్టెలోని మినపపప్పు, శనగపప్పు పైరులకు ఆ రక్ష గలదు, ఆవాలకు గలదు. పసుపునకు లేదు, మిరపకు లేదు, ధనియమునకు లేదు, వామునకు లేదు, జీలకర్రకు లేదు. 2025 ఆరంభమున మిరపధర కూలినప్పుడు గుంటూరు యార్డులో గగ్గోలు లేవగా, కేంద్రము క్వింటాలునకు 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించినది. అది ఆ యేటి పంటకు, ఆ యాపదకు మాత్రమే. ఇల్లు కాలునప్పుడు నీళ్లు చల్లుట యొకటి, వాకిట బావి యుండుట యొకటి. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపుబోర్డు ఆరంభమైనందులకు సంతోషమే. కుందూలోయ పసుపుకూడ పసుపేయని ఆ బోర్డువారికి గుర్తుచేయవలసిన భారము నంద్యాల, కడప జిల్లాల ప్రజాప్రతినిధులపై నున్నది.

ధనియము సంగతి మాకు ఎక్కువ బాధ కలిగించుచున్నది. నల్లరేగడిలో వానకాలపు తేమనే నమ్మి, ఒక్క తడియైన లేక, మూడునెలలలో చేతికి వచ్చు పైరు అది. శీతకాలపు పొద్దున ఆ చేలగట్టున నడచినవారికి ఆ వాసన జన్మమున మరపురాదు. 1990 తరువాత ఆ రేగడులలో శనగ వ్యాపించినది. రైతును తప్పుపట్టుటకు వీలులేదు. శనగకు మద్దతుధర యున్నది, కోతకు యంత్రమున్నది, ధనియమునకో బూడిదతెగులున్నది, కోతవేళ చినుకు పడినచో గింజ నల్లబడి సగము ధరకు పోవు భయమున్నది. ఫలితమేమి? దేశమున ధనియపు పంటలో నేడు మధ్యప్రదేశము, గుజరాతు, రాజస్థానము ముందున్నవి. రేగడి మన యూరనే యున్నది, ధనియాలు మాత్రము ఉత్తరదేశపు లారీలలో వచ్చుచున్నవి. అదియును పొడియై, రంగుకాగితపు పొట్లములలో.

ఆ పొడియే అన్ని మోసములకు తలుపు. కాయగానున్న మిరపను, కొమ్ముగానున్న పసుపును కల్తీచేయుట కష్టము. పొడియైన తరువాత ఇటుకయు మిరపయు ఒక్కరంగే. 2003లో మన దేశమునుండి పోయిన మిరపపొడిలో సూడాన్ అను గుడ్డల రంగు ఐరోపాలో పట్టుబడినది. 2024లో హాంకాంగు, సింగపూరు ప్రభుత్వములు మన దేశపు కొన్ని మసాలాపొడులను ఎథిలీను ఆక్సైడు కారణమున నిలిపివేసినవి. పసుపునకు మెరుగుకై సీసముతో కూడిన పచ్చరంగు పూయు పాడువ్యాపారము బంగ్లాదేశమున గూడ ప్రబలినది. అచ్చటి ప్రభుత్వము 2019 మొదలు గట్టిగా పూనుకొని రెండేండ్లలో దానిని దాదాపు తుడిచివేసినది. పొరుగువాడు రెండేండ్లలో చేసినపని మనకు అసాధ్యమని యెవరును చెప్పజాలరు. సీసము బిడ్డల బుద్ధిని తినును. ఇది ఉపేక్షింపదగిన దోషము కాదు.

గింజను ఎరిగినవాడు పొడికి మోసపోడు. బొప్పాయిగింజ మిరియము కాదని, బ్రహ్మదండిగింజ ఆవగింజ కాదని తెలియుటకు ప్రయోగశాల అక్కరలేదు, చిన్నప్పుడు ఆ మొక్కను చూచియుండిన చాలును. 1998లో డిల్లీలో బ్రహ్మదండినూనె కలిసిన ఆవనూనె తిని జలోదరము పాలైనవారి ప్రాణములు పోయినవి. కావున ఈ జ్ఞానము వినోదమునకు కాదు.

చాగలమర్రివారు చేయదగినదేమి? పెద్దపనులు మేము చెప్పము. పాఠశాల ఆవరణలో పది చదరపుగజముల స్థలములో మెంతి, ధనియము, వాము, ఆవ, మిరప, పసుపు, అల్లము, ఒక కరివేపమొక్క పెంచుటకు నిధులతో పనిలేదు. ఇంటి పోపుపెట్టెలోనుండియే చాలమట్టుకు విత్తనములు దొరకును. పఠనమందిరమువారు గోడకు దేశనాయకుల పటముల ప్రక్క ఈ మొక్కల పటమొకటి తగిలింతురుగాక. మిరప, పసుపు ఎండబెట్టుటకు ఊరుమ్మడి సిమెంటు కళ్లము, పట్టలు కావలెను. నేలమీద ఎండిన మిరపకు బూజు పట్టి విషము పుట్టుచున్నదనియే పరదేశపు రేవులలో మన సరకు తిరుగగొట్టబడుచున్నది. పట్టణములోని గృహస్థులు, ఏడాదికి కావలసిన పసుపుకొమ్ములు, ఎండుమిరప, ధనియాలు కోతవేళ నేరుగా రైతునొద్ద కొని, ఆడించుకొను పాతవాడుకను మరల పట్టుకొన్నచో, పొట్లమునకు పెట్టు ధరలో కొంత తగ్గును, రైతునకు వచ్చు ధరలో కొంత హెచ్చును. పదియిండ్లవారు కలిసినచో ఒక బండిసరకగును.

ధనియమునకై యొక్కమాట. గుంటూరువద్ద లాం పరిశోధనాస్థానమువారు సాధన, స్వాతి, సింధు మొదలగు రకములను ఈ రేగడినేలలను దృష్టిలో నుంచుకొనియే తీసిరి. నంద్యాలలో 1906నుండి వ్యవసాయ పరిశోధనాస్థానము గలదు. ఆళ్లగడ్డ మార్కెట్టుకమిటీవారును, ఊరిలోని పదిమంది రైతులును కలిసి యడిగినచో విత్తనమునకు లోటుండదు. విత్తుటకు అదను అక్టోబరు నడిమినుండి నవంబరు నడిమివరకు. అర్జీ శ్రావణములోనే పోవలెను.